ఆ స్నేహితులు చెడగొట్టలేదమ్మా

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయికి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్. రెండేళ్ళుగా లంగా ఓణీ వేసుకోమంటే ఏడుపే. మొన్న సద్దుల బతుకమ్మ ముందురోజు బాత్రూంలో తన జుట్టు తనే కత్తిరించేసుకుంది. ‘నేను అమ్మాయినో కాదో నాకే తెలీట్లేదమ్మా’ అంటోంది. నాలుగు నెలలుగా ఆదివారాలు బంజారాహిల్స్‌లో తనలాంటివాళ్ళు కలిసే చోటికి వెళ్తోంది. అక్కడ వేరే పేరుతో పిలుస్తారట. పరుపు కింద క్రేప్ బ్యాండేజీ చుట్ట దొరికింది. మావారు ఫోన్ లాక్కున్నారు, డాక్టరుకి చూపించి మార్పిద్దామంటున్నారు. ఇంటర్ అవగానే పెళ్ళి చేసేస్తే అదే కుదురుకుంటుందని ఆడపడుచు అంటోంది. రేపు సిగ్నళ్ళ దగ్గర చెయ్యి చాపాల్సొస్తుందేమోనని నా భయం. ఆ గుంపే దీన్ని చెడగొట్టిందా?
– ఓ తల్లి

జవాబు: అమ్మా, లంగా ఓణీ గొడవ రెండేళ్ళనాటిదని మీరే రాశారు. ఆ స్నేహితులు కలిసింది నాలుగు నెలల కిందట. మనసులో ఇది ఎప్పట్నించో ఉంది, ఇంట్లో చెప్పుకునే వీల్లేక వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళింది.

‘తెలీట్లేదు’ అంటే తెలీట్లేదనే. కొందరికి కొన్నాళ్ళకి అమ్మాయిగా ఉండటమే సరిపోతుంది, కొందరికి సరిపోదు. మీ బిడ్డ సంగతి ఏమవుతుందో ఇవాళే తేల్చక్కర్లేదు. జుట్టు, బట్టలు, పిలిచే పేరు, వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. వచ్చే దసరాకి ప్యాంటూ కుర్తా వేసుకుని బతుకమ్మ పేరిస్తే గౌరమ్మేం కోప్పడదు.

నాకు కంగారు పుట్టించింది మాత్రం ఆ బ్యాండేజీ. ఛాతీ కనిపించకుండా బిగించి కట్టుకుంటున్నట్టుంది. అది బెణికిన కాలికి కట్టేది. ఛాతీకి చుడితే ఊపిరి సరిగ్గా ఆడదు, పక్కటెముకలు నొప్పిపెడతాయి, చర్మం ఒరుసుకుపోతుంది. దాన్ని ముందేసుకుని పంచాయితీ పెట్టకండి. మీరే వెంటబెట్టుకెళ్ళి సరైన సైజు స్పోర్ట్స్ బ్రాలు, వదులు చొక్కాలు కొనిపెట్టండి. రాత్రి పడుకునేటప్పుడు ఏ బిగింపూ వద్దని చెప్పండి. అమ్మ నా పక్షమేనని తనకి తెలియడానికి ఈ ఒక్క పని చాలు.

డాక్టరు దగ్గరికి దేనికి? దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే తప్పకుండా చూపించండి. మార్పించడానికైతే వద్దు. పుట్టుకతో వచ్చిన ఆడ, మగ గుర్తింపు మనసుకి కుదరకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే మానసిక రోగాల జాబితాలోంచి తీసేసింది. ఇలాంటివాళ్ళని ‘మార్చే’ చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. నేను మార్చేస్తానని ఎవరైనా హామీ ఇస్తే అక్కణ్ణించి లేచి వచ్చేయండి. ఇక పెళ్ళి మాట. 18 నిండకుండా చేస్తే నేరం, నిండాక బలవంతంగా చేస్తే ఇంకో ఇంటి పిల్లాడి బతుకూ పాడుచేసినట్టు.

అలాగని ఆదివారాల గురించి కళ్ళు మూసుకోమనను. వచ్చేవారం మీరే దింపడానికి వెళ్ళండి. నిర్వాహకులెవరు, పదిమంది తిరిగే చోటేనా, పెద్దవాళ్ళు పిల్లలతో ఎలా మసలుతున్నారు, చూడండి. మైనర్లని విడిగా రమ్మన్నా, డబ్బులడిగినా, ‘ఇంట్లో చెప్పకు’ అన్నా అది మంచి చోటు కాదు. ఇవేవీ లేకపోతే వెళ్ళనివ్వండి. కాలేజీలో ర్యాంకుల గోల, ఇంట్లో ఈ గోల. ఆ పిల్లకి ఊపిరాడేది ఆ రెండు గంటలే కావచ్చు.

సిగ్నళ్ళ భయం నాకర్థమైంది. అక్కడ చెయ్యి చాపేవాళ్ళలో చాలామందిని మొదట గెంటేసింది ఇంట్లోవాళ్ళే. ఇల్లు నిలబడితే చదువు నిలబడుతుంది. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరు నుంచి ఇదే హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా యూనిఫాంలో డ్యూటీ చేస్తున్నారు, మీరు భయపడుతున్న ఆ సిగ్నళ్ళ దగ్గరే. మీవారికి ఈ సంగతి చెప్పండి, నా సలహా కన్నా ఆయనకి అదే ఎక్కువ పనిచేస్తుందేమో.

ముందుగా ఆ ఫోన్ తిరిగి ఇప్పించండి. తన బాధ చెప్పుకునే మనుషులందరూ అందులోనే ఉన్నారు. బిడ్డ తిండి మానేసినా, ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాట అన్నా ఆదివారం దాకా ఆగొద్దు. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీరైనా చేయొచ్చు.