బడి చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంగోలులో మన పాత హైస్కూలు చరిత్ర రాసే పని నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించానమ్మా. వేసవి సెలవుల్లో మరమ్మతులు మొదలవుతాయని కూడా రాశావు కనుక, తాపీ మేస్త్రి గోడ మీద చెయ్యి వేయకముందే భవనాన్ని గది గదికీ చూసి, ఫోటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకో. రిజిస్టర్లు ఆ తరువాతనైనా చూడవచ్చు, చెక్కేసిన గోడను మాత్రం మళ్లీ చూడలేము.

వరండాలో నిలబడి కప్పు చూడు. టేకు దూలాల మీద దగ్గర దగ్గరగా వాసాలు, వాటిపైన పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చిన పని కనిపిస్తే అది మద్రాస్ టెర్రస్ అనే పాతకాలపు కప్పు. ఇనుప గర్డర్లు ఉన్న గదులను విడిగా రాసుకో, అవి వేరే కాలంలో కట్టినవి కావచ్చు. పెచ్చు ఊడిన చోట గోటితో గీకితే తెల్లగా పొడి రాలేది గానుగ సున్నం, అంటే గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నం; బూడిద రంగులో గట్టిగా నిలిచేది తరువాత పూసిన సిమెంటు. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచి, ఉప్పు పట్టి, ఇటుక పొడి పొడిగా రాలిపోతుంది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఈ నష్టం మరీ ఎక్కువ కనుక, మరమ్మతులు సున్నంతోనే చేయించాలని కమిటీ పెద్దలకు గట్టిగా చెప్పు.

పెంకుల కప్పు ఉన్న గదుల్లో, దించిన పెంకును తిరగేసి కంపెనీ ముద్ర చూడు. బాసెల్ మిషన్ పెంకు మీద 1865 అని ఉన్నంత మాత్రాన ఆ గదిని ఆ ఏడే కట్టారని రాయవద్దు; అది మంగళూరులో ఆ కార్ఖానా మొదలైన సంవత్సరం.

ఇక కాగితాల సంగతి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోను, ఆ తరువాత 1970 ఫిబ్రవరిలో కొత్త జిల్లా ఏర్పడే వరకు గుంటూరు జిల్లాలోను ఉండేది. ప్రకాశం పేరు 1972లో వచ్చింది. అందువల్ల ఒంగోలు కార్యాలయాల్లో ఏమీ దొరకలేదని ఆగిపోక, గుంటూరు, నెల్లూరు కూడా వెళ్లి అడుగు. జిల్లా పరిషత్తులు 1959లో వచ్చాయి కనుక, అంతకు ముందటి ఉత్తరాలను జిల్లా బోర్డు పేరు మీద వెతకాలి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అడ్మిషన్ రిజిస్టరు. పాత పుటల్లో మూడో ఫారం అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి అని గుర్తుంచుకుని, ఊరి పేరు, తండ్రి వృత్తి రాసిన గడులను ఓపికగా చదువు. ఏ పల్లెల నుంచి పిల్లలు వచ్చారో, రైతుల, చేనేత వారి, కూలీల బిడ్డలు ఏ సంవత్సరం నుంచి కనిపిస్తున్నారో, మొదటి ఆడపిల్ల పేరు ఏ పుటలో ఉందో ఎత్తి రాసుకో. పూర్వ విద్యార్థులు చెప్పే సంవత్సరాలను ఈ రిజిస్టరుతో సరిచూసిన తరువాతే అచ్చుకు ఇవ్వు.

మొదటి అధ్యాయం పూర్తికాగానే నాకు పంపించు, చదివి దిద్ది పంపుతాను.

మీ మాస్టారు