పోగొట్టుకున్న చోట వెతకొద్దు

ప్రశ్న: నా వయసు 34. పరవాడ ఫార్మా సిటీలో పని, గాజువాకలో అద్దె ఇల్లు. చేతికి 52,000 వస్తుంది. ఇంట్లో భార్య, ఆరేళ్ల పాప, 67 ఏళ్ల నాన్న. రెండేళ్లుగా యూట్యూబ్‌లో విదేశీ పోకర్ పోటీలు, సినిమా తారలు పేకాడే షోలు చూస్తున్నాను. శనివారం రాత్రి నలుగురు మిత్రులం కలిసి చూస్తాం. ఎవరు ఆటలో ఉండాలో, ఎవరు ముక్కలు వదిలేయాలో నేను ముందే చెప్పేస్తాను, ఎక్కువసార్లు అదే కరెక్ట్ అవుతుంది. అమెరికాలో అకౌంటెంట్ ఒకాయన 86 డాలర్లతో మొదలుపెట్టి 25 లక్షల డాలర్లు గెలిచాడు కదా! ఆ ధైర్యంతోనే ఫోన్‌లో ఆడాను, రెండుసార్లు గోవా కేసినోకు వెళ్లొచ్చాను. 1,40,000 ఎఫ్‌డీ పోయింది. లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు ఇంకా 2,10,000 ఉంది. ఈఎంఐ 9,400, మరో 32 నెలలు కట్టాలి. క్రెడిట్ కార్డు మీద 1,15,000. మ్యూచువల్ ఫండ్లలో 96,000 ఉంది, నెలకు 4,000 సిప్ కడుతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు. నా భార్య నగల మీద 3 లక్షలు గోల్డ్ లోన్ తీసుకుని, సగం అప్పుకు కట్టి, సగంతో చివరిసారి ప్రయత్నిస్తే తప్పా? పోనీ, పీఎఫ్ తీయమంటారా?

జవాబు: తప్పే. ఆ నగలు గడప దాటకముందే ఈ జవాబు మీకు చేరాలని మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి రాస్తున్నాను. ఆ సామెత ఉంగరం జారిపోయినవాడి కోసం పుట్టింది. ఉంగరం పడ్డచోటే ఉంటుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. బల్ల మీద పోయిన డబ్బు ఆ రాత్రే ఇంకొకరి జేబులోకి వెళ్లిపోయింది. అక్కడ వెతకడానికి ఏమీ మిగల్లేదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా భయం వేసిన వాక్యం "1,40,000 ఎఫ్‌డీ పోయింది" అన్నది. దాన్ని మీరు మూడు మాటల్లో దాటేశారు. అప్పుల గురించి మూడు వాక్యాలు రాసిన మనిషి, అత్యవసరానికి దాచిన ఆసరా పోయిందన్న సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటే మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. అప్పు చేస్తే తప్పు చేశామనుకుంటారు, అత్యవసరానికి దాచింది తీస్తే మాత్రం "మన డబ్బే కదా" అనుకుంటారు. అందుకే మీ కేసు అందరి ముందూ పెడుతున్నాను.

ముందు ఆ షోల సంగతి. ఒకప్పుడు టీవీలో పోకర్ చూడటం మహా విసుగు. ఎవరి దగ్గర ఏ ముక్కలున్నాయో తెలిసేది కాదు. 1999లో బ్రిటన్‌లో చానల్ 4 వాళ్లు ‘లేట్ నైట్ పోకర్’ అనే షో కోసం బల్లకు అద్దాలు బిగించి, కింద నుంచి కెమెరా పెట్టారు. అమెరికాలో హెన్రీ ఒరెన్‌స్టీన్ అనే బొమ్మల వ్యాపారి ఇలాంటి కెమెరాకే పేటెంట్ తీసుకున్నాడు. అక్కడి నుంచి ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడికి అందరి చేతుల్లోని ముక్కలూ కనిపించడం మొదలైంది. తర్వాత తెర మీద గెలుపు శాతాలు కూడా వేయడం మొదలుపెట్టారు. శనివారం రాత్రి మీరు కరెక్ట్‌గా చెబుతున్నది ఆ తెర చూసి. అదే బల్ల దగ్గర కూర్చుంటే, ఆటగాళ్ల చేతుల్లోని ముక్కల్లో మీకు కనపడేవి మీవి రెండే.

మొన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. పక్కన ముగ్గురు కుర్రాళ్లు మురీ మిక్చర్ పొట్లానికి ఫోన్ ఆనించి ఇలాంటి షో చూస్తున్నారు. ఓ నటుడు చేతిలో జత రాణులు ఉండగా వదిలేశాడు. "ఒరే, వదిలేశాడ్రా! బుర్ర ఉందా వీడికి?" అని ఒకడు గట్టు మీద అరచేత్తో కొట్టాడు. ఫోన్ తెర మీద ఆ నటుడి పేరు కింద 71 శాతం అని పచ్చరంగులో వెలుగుతోంది. ఆ అంకె నటుడికి కనపడదని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మీ శనివారం బృందంలో కూడా తట్టి ఉండదు.

తెర నిండా అంకెలున్నా ఫలితం మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. రెండు ఆసులు పట్టుకుని, ఎదుటివాడి రెండు రాజుల మీద ఉన్నదంతా పెట్టినా, దాదాపు ఐదుసార్లకు ఒకసారి ఓటమే. అంతకన్నా మంచి అవకాశం పోకర్‌లో అరుదు. దానికి తోడు, గంటల తరబడి సాగే ఆటలోంచి రసవత్తరమైన ఘట్టాలు ఏరి మీకు చూపిస్తారు. ముక్కలు చూడటం, వదిలేయడం, మళ్లీ చూడటం, మళ్లీ వదిలేయడం అనే అసలు ఆట చాలావరకు కత్తిరింపులో పోతుంది. ప్రతి పందెంలోంచి కేసినో తీసుకునే రేక్ గురించి కూడా షోలో పెద్దగా మాట్లాడరు. మన ఊళ్లలో పేకాట శిబిరం నడిపేవాడు తన వాటా పక్కకు తీసినట్టే అది కూడా. గెలిచిన రాత్రికి 30 శాతం పన్ను, పైన సెస్సు. ఓడిన రాత్రిని అందులోంచి మినహాయించుకునే వీలు చట్టంలో లేదు.

మీరు చెప్పిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్. 2003లో లాస్ వేగాస్‌లో ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ ప్రధాన పోటీ గెలిచాడు, నిజమే. ఆ ఏడాది ఆ పోటీలో 839 మంది ఆడారు, ఒక్కో సీటు విలువ 10,000 డాలర్లు. ఆయన 86 డాలర్ల అర్హత పోటీలో గెలిచి ఆ సీటు దక్కించుకున్నాడు. ఆయన గెలుపు టీవీలో చూసి "నేనూ ఆడగలను" అనుకున్నవాళ్లు ఎంతమందో చూడండి. 2006కల్లా అదే పోటీకి 8,773 మంది వచ్చారు. మూడేళ్లలో పది రెట్లు. అందులో మీలాంటి ప్రేక్షకులు ఎందరో ఉన్నారు, వాళ్లలో ఒక్కరి పేరైనా మీ ఉత్తరంలో లేదు. తారల షోల సంగతి ఇంకా వేరు. 2003లో అమెరికాలో మొదలైన ‘సెలబ్రిటీ పోకర్ షోడౌన్’లో గెలిచిన సొమ్ము సేవాసంస్థలకు వెళ్లేది. ఓడిన నటుడు నవ్వుతూ లేచి వెళ్లిపోయాడంటే, ఆ రాత్రి అతని ఇంటి అద్దె ఆగదు కాబట్టి. రోజూ అదే వృత్తిగా ఆడేవాళ్లలో బుద్ధిమంతులు కూడా ఆట డబ్బు వేరుగా, ఇంటి డబ్బు వేరుగా ఉంచుతారు. మీరు ఆ ఒక్క గీతనే చెరిపేశారు.

ఇక ఫోన్‌లో ఆట గురించి. 2020లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది, నైపుణ్యం ఆట అన్నా ఒప్పుకోదు. ఇంకా నడుస్తున్న యాప్ ఏదైనా మీ ఫోన్‌లో ఉంటే ఈ పూటే తీసేయండి. అందులో మీ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి దిక్కు ఉండదు.

ఇప్పుడు లెక్క. మీరు జతచేసిన ఖర్చుల కాగితం ప్రకారం అద్దె 11,000, ఇంటి ఖర్చు 18,000, పాప స్కూలు 3,500, నాన్నగారి మందులు 3,000, బండి ఈఎంఐ 3,800. మొత్తం 39,300. దానికి సిప్ 4,000, యాప్ ఈఎంఐ 9,400 కలిపితే 52,700. జీతం 52,000. అంటే క్రెడిట్ కార్డుకు ఒక్క రూపాయి కట్టకముందే 700 లోటు. ఆ కార్డు నెలకు 3.5 శాతం వడ్డీ వేస్తుంటే 1,15,000 మీద 4,025, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి సుమారు 4,750. అసలు ఒక్క రూపాయి తగ్గకుండా నెలకు ఇంత పోతోంది. ఇది చూస్తూ కూడా నగల మీద లక్షన్నర తీసుకుని గోవా విమానం ఎక్కుతానంటున్నారు! నాకు కోపం వస్తోంది. మీ మీద కన్నా, అప్పును టికెట్టులా చూసే ఈ అలవాటు మీద.

ఫండ్లలో ఉన్న 96,000 తీసేయండి, సిప్ ఆపేయండి. అప్పు మీద ఇంత వడ్డీ కడుతూ సిప్ కట్టడంలో అర్థం లేదు. అందులో 56,000 కార్డుకు కట్టండి. మిగిలిన 59,000ను ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. 16 శాతానికి, 24 నెలలకు ఇస్తే సుమారు 2,900 పడుతుంది. ఆ తర్వాత కార్డు కత్తిరించేయండి.

మిగతా 40,000 ముట్టుకోవద్దు. "అది కూడా కార్డుకే కడితే వడ్డీ తగ్గుతుంది కదా" అని, నేను ఈ మాట చెప్పినప్పుడల్లా అందరూ నన్ను అడుగుతారు. కాగితం మీద వాళ్ల లెక్క కరెక్టే. కానీ రేపు నాన్నగారిని రాత్రి పదకొండింటికి ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర ఏం ఇస్తారు? చేతిలో ఏమీ లేకపోతే మళ్లీ ఆ యాపే తెరుస్తారు. ఖాళీ చేత్తో తీర్చిన అప్పు ఆరు నెలల్లో తిరిగొచ్చిన ఇళ్లు నేను చాలా చూశాను.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం నాకు బాగా గుర్తు. ఆ తర్వాత కరెంటు లేదు, ఫోన్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టు రెట్టింపు ధర చెప్పారు. బ్యాంకులో నా పేరిట డబ్బుంది, జేబులో 300 ఉన్నాయి. మా ఇంటావిడ పోపుల డబ్బాల వెనక ఓ స్టీలు గిన్నెలో దాచిన నోట్లు తీసింది. వంద, యాభై, పది నోట్లు, జీలకర్ర వాసన వేస్తూ. ఆ వారం మా ఇల్లు వాటితోనే గడిచింది. డబ్బు ఉండటం వేరు, అవసరమైన గంటలో చేతికి అందడం వేరని నాకు ఆ గిన్నెతో తెలిసింది. కాబట్టి ఆ 40,000లో 5,000 ఇంట్లో చిన్న నోట్లుగా ఉంచండి. మిగతాది జీతం ఖాతా కాని ఇంకో బ్యాంకులో, ఫోన్ యాప్‌కు గానీ యూపీఐకి గానీ కలపకుండా ఉంచండి. మీలాంటి పరిస్థితిలో ఉన్నవారికి ఈ చివరి షరతు చాలా ముఖ్యం. ఒక్క వేలి నొక్కుతో పోయే డబ్బు అత్యవసర నిధి కాదు.

గోల్డ్ లోన్ ఒకే పనికి వాడొచ్చు. యాప్ అప్పు మొత్తం తీర్చడానికి, అదీ మీ భార్యకు అన్నీ చెప్పి, ఆమె సరేనంటేనే. యాప్‌కు మీరింకా కట్టాల్సింది 3 లక్షల పైమాట. అదే 2,10,000 బ్యాంకులో నగల మీద 9.5 శాతానికి, 36 నెలల ఈఎంఐతో దొరికితే నెలకు సుమారు 6,700, మొత్తం సుమారు 2,42,000 అవుతుంది. ముందే మూసేస్తే యాప్ ఎంత ఛార్జీ వేస్తుందో అడిగి తెలుసుకున్నాకే వెళ్లండి. ఇదంతా జరిగితే నెలకు 3,100 మిగులుతుంది. ఏడు నెలల తర్వాత బండి అప్పు తీరిపోతుందని కాగితంలో రాశారు, ఆ 3,800 కూడా కలుస్తుంది. రెండూ ఆ నిధికే వెళ్లాలి, లక్షన్నర అయ్యేదాకా. సిప్ మాట ఆ తర్వాతే.

పీఎఫ్ ముట్టుకోవద్దు. చీటీ పాడి అప్పు తీర్చడమంటే ఇంకో అప్పే. మీ ఖర్చుల కాగితంలో టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు సొమ్ము వచ్చే జీవిత బీమా) ప్రీమియం లేదు. బండి అప్పు తీరిన నెలలో, నిధికి వేసే ముందే ఆ ప్రీమియం కట్టండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. కంపెనీ ఆరోగ్య బీమాలో నాన్నగారిని చేర్చుకునే వీలుందేమో హెచ్ఆర్‌ను అడగండి.

షో చూడగానే చేయి ఫోన్ వైపు వెళ్తోందా? అయితే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు ఒక్క బస్సు దూరం. వెళ్లడానికి సిగ్గుపడకండి. శనివారం బృందాన్ని కొన్నాళ్లు మానేయండి.

సోమవారం బ్యాంకుకు ఒక్కరే వెళ్లకండి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, పాప నిద్రపోయిన వేళ, ఈ కాగితం మీ భార్య ముందు పెట్టండి. ఆమె తిడుతుంది, విని ఊరుకోండి. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లి ఆ అత్యవసర నిధి ఖాతా ఆమె పేరిట తెరవండి. ఏటీఎం కార్డు, పిన్ నంబరు ఆమె దగ్గరే ఉండాలి.