అమ్మగారికి కళ్ళు తిరగకుండా ఓరెగన్ తీరానికి

అమెరికాలోని ఓరెగన్‌లో ఐ-5 ఫ్రీవే నుంచి సముద్రానికి, మలుపులంటే భయపడే అమ్మగారికి ఇబ్బంది లేని దారి అడిగారు కదండీ. డ్రెయిన్ అనే ఊరి దగ్గర హైవే 38 పట్టుకోండి. తీరం దగ్గరి ఊరు రీడ్స్‌పోర్ట్ దాకా దాదాపు 57 మైళ్ళు. వంపులున్నాయి కానీ ఎల్క్‌టన్ దాటాక రోడ్డు అంప్‌క్వా నది పక్కనే సాగుతుంది, కోస్ట్ రేంజ్ కొండల మధ్య పెద్ద ఎక్కుడు దిగుడుండదు. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

మధ్యాహ్నం తిన్నాక బయల్దేరండి, తొందరపడొద్దు. రీడ్స్‌పోర్ట్‌కి 3 మైళ్ళ ముందు ఎడమచేతి వైపు డీన్ క్రీక్ పచ్చిక వస్తుంది. పొద్దుగూకే ముందు అక్కడ రూజ్‌వెల్ట్ ఎల్క్‌లు అనే పెద్ద జాతి జింకలు మందగా మేస్తుంటాయి, మన కణుజుల కన్నా పెద్దవి! మా నాన్నగారు అక్కణ్ణుంచి గంటసేపు కదల్లేదు. రోడ్డు మీద మాత్రం ఆపకండి, పక్కన పార్కింగ్ ఉంది.