సుంకి ఘాటీలో లాగని 407: 40 వేలలో ఏది ముందు, ఏది తర్వాత

మీ ప్రశ్న నాకర్థమైనంతలో ఇది. 2012 మోడల్ టాటా 407, టర్బో (ఇంజన్‌లోకి గాలి ఒత్తి పంపేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చేది), మెకానికల్ డీజిల్ పంపు. శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరికాయలేసుకుని విజయనగరం, సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్తారు, తిరుగు లోడు అల్లం. సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాటీలో బండి సెకండ్ గేరు వదలట్లేదు, నల్ల పొగ కక్కుతోంది, వేడి ముల్లు పైకి పాకుతోంది. చేతిలో 40 వేలు, అదీ మూడు విడతల్లో. మెకానిక్ మాత్రం ‘పంపు పెంచేద్దాం, పెద్ద టర్బో ఏసీద్దాం’ అంటున్నాడు. పంపు పెంచడమంటే ఇంజన్‌కి పోసే డీజిల్ పెంచడం.

పంపు మీద చెయ్యి ఆఖర్న వెయ్యండి. టర్బో మాట మర్చిపోండి. ఎందుకో ముందు లెక్కలో చూడండి.

లోడుతో కలిపి బండి 5 టన్నులనుకుందాం. ఎక్కుడు వంద మీటర్లకు 6 మీటర్లు. ఆ బరువును పైకి లాగడానికి 2,940 న్యూటన్లు, టైర్లు దొర్లడానికి ఇంకో 590, మొత్తం 3,530. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర 29 కిలోవాట్లు, అంటే 40 హెచ్‌పీ కావాలి. గేర్‌బాక్సులో, వెనక ఇరుసు గేర్ల హౌసింగ్‌లో పోయేది కలిపితే ఇంజన్ 46 దాకా ఇవ్వాలి. మీ ఇంజన్ 75 హెచ్‌పీ తరగతిది. ఆ 75 నిండు ఆర్‌పీఎంలో వచ్చేదే అయినా, 30 స్పీడుకు చాలినంత అందులో ఉంది. కాబట్టి మీ బండికి పవర్ తక్కువై కాదు, ఉన్నది ఎక్కడో కారిపోతోంది. దానికి తోడు ఒక టన్ను ఎక్కువేస్తే అదే స్పీడుకు చక్రాల దగ్గర ఇంకో 8 హెచ్‌పీ కావాలి. ఓవర్‌లోడు పట్టుకుంటే 20 వేలు, పైన టన్నుకు 2 వేలు. మీ బడ్జెట్‌లో సగం ఒక్క చెక్‌పోస్టు దగ్గరే పోతుంది.

మొదటి విడత డబ్బు కారేచోట్లకే పెట్టండి. చదును రోడ్డు మీద, రామభద్రపురం సాలూరు మధ్య చాలు, బ్రేకు పెద్దగా తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపండి. నాలుగు హబ్బులూ చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతా వాటికంటే కాలుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు బిగుసుకుంది. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే ఏదో తేలిపోతుంది. బండి ఎంత లాగినా ఆ చక్రం వెనక్కి లాగుతుంటే పంపు పెంచి లాభం లేదు. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 7.00-16 బదులు 7.50-16 వేసి ఉంటే చుట్టుకొలత సుమారు 4 శాతం పెరిగినట్టు, అంటే ప్రతి గేరూ ఆ మేర బరువెక్కినట్టు. చూడ్డానికి బాగుంటుంది గానీ ఘాటీలో అదే అడ్డం. తర్వాత క్లచ్. టాప్ గేరులో 40 దగ్గర యాక్సిలేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ గోల పెరిగి స్పీడు పెరక్కపోతే ప్లేటు జారుతోంది. అలాంటప్పుడు ఇంజన్‌కి ఎంత పవర్ ఇచ్చినా ప్లేటు కాలిపోవడానికే.

డీజిల్ వైపు చూడాల్సింది ట్యాంకు నుంచి పంపు దాకా. ఫిల్టర్లు రెండుంటే రెండూ ఒకేసారి మార్చండి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) జాలీ విప్పి కడగండి. మన తీరం గాలి తడి ఎక్కువ, ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా నిలబెడితే లోపల నీరు పడుతుంది. వారానికోసారి వాటర్ సెపరేటర్ స్క్రూ వదులు చేసి ఒక గ్లాసులోకి దించి చూస్తే అడుగున నీరు విడిగా కనిపిస్తుంది. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య పారదర్శకమైన పైపు ముక్క తాత్కాలికంగా వేసి ఇంజన్ రేజ్ చేయండి. బుడగలు కనిపిస్తే సక్షన్‌లో గాలి లాగుతోంది. ఇలాంటి లీకులో డీజిల్ బయటికి కారదు, అందుకే ఎవరి కంటా పడదు. ఎక్కుడులో మాత్రం బండి ఊపిరాడనట్టు కుదుపుతుంది.

వేడి సంగతీ ఈ విడతలోనే. రేడియేటర్ బయటి రెక్కల్లో దుమ్ము, పురుగులు, ఊక ఇరుక్కుంటాయి. ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి, అక్కడ మూసుకుపోయి ఉంటే ముందు నుంచి ఎంత కడిగినా పోదు, విడదీయాల్సిందే. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్ళను రేడియేటర్‌కి వదిలే వాల్వు) పీకేసి ఉంటే మళ్ళీ వేయించండి. ‘తీసేస్తే చల్లగా ఉంటాది’ అనేది షెడ్లలో పాత మాట, తప్పు మాట కూడా. అది లేకపోతే బైపాస్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్లోకి తిరిగిపోతుంది. చదునులో ఇంజన్ చల్లగా ఉండి డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఘాటీలో మాత్రం ఉడుకుతుంది. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. 0.9 బార్ ఒత్తిడి ఆపే మూత సరిగ్గా పట్టి ఉంటే నీళ్ళు 118, 119 డిగ్రీల దాకా మరగవు, లీకైతే 100కే మరుగుతాయి.

రెండో విడత గాలి. నల్ల పొగంటే గాలి చాలక సగం కాలిన డీజిల్. అది పవర్ కాదు, మీ జేబు. డీజిల్ పూర్తిగా కాలడానికి కనీసం దాని బరువుకు 14.5 రెట్ల గాలి కావాలి, అసలు పొగ రాకుండా ఉండాలంటే ఇంచుమించు 18 రెట్లు దాటాలి. కోరాపుట్ ఎత్తు దాదాపు 870 మీటర్లు, అక్కడ గాలి చిక్కదనం మన మైదానం కంటే 8 శాతం తక్కువ. పైకెళ్ళేకొద్దీ పొగ చిక్కబడడానికి ఒక కారణం ఇదే. ఈ స్థితిలో పంపు పెంచితే పెరిగేది పొగే.

ఎయిర్ ఫిల్టర్‌లో బయటి కాగితం గొట్టాన్ని గాలితో ఊదేటప్పుడు లోపలి నుంచి బయటికి, 2 బార్ దాటకుండా ఊదాలి. పంక్చర్ షాపు గన్ను నేరుగా ఆనిస్తే కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి, ఆ దుమ్ము టర్బో రెక్కల్ని అరగదీస్తుంది. లోపల ఇంకో చిన్న ఎలిమెంట్ ఉంటే దాన్ని ఊదకూడదు, మార్చడమే. టర్బో ముందు పైపు విప్పి షాఫ్టు చేత్తో కదపండి. పక్కలకు పిసరంత ఆడడం మామూలే, లోపల ఆయిల్ పొర మీద తేలేది కదా. ముందుకూ వెనక్కీ ఆడితే, లేదా రెక్క గోడకు రాసుకున్న గీత కనిపిస్తే టర్బో రిపేరుకొచ్చింది.

ఎక్కువ బళ్ళలో పవర్ పోయేది టర్బోకీ, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కీ మధ్యనున్న రబ్బరు గొట్టాల్లో. క్లాంపు దగ్గర నల్లటి ఆయిల్ చెమట, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ బూస్టు, అంటే టర్బో ఊదే గాలి ఒత్తిడి, పోతున్నట్టే. చాలామంది ఇంజన్ ఐడిల్‌లో పెట్టి సబ్బు నీళ్ళు పోసి ‘లీకు లేదు’ అనేస్తారు. ఐడిల్‌లో బూస్టే ఉండదు, బుడగ ఎక్కణ్ణించి వస్తుంది? ఇంజన్ ఆపి, టర్బో గాలి పీల్చే మూతి దగ్గర ఒక మూత బిగించి, దానికి ట్యూబు వాల్వు పెట్టి, రెగ్యులేటర్‌తో 0.7 బార్ గాలి ఎక్కించాలి. అప్పుడు సబ్బు నీళ్ళు పోయండి. గొట్టం అడుగు వైపు, చేతికి అందని చోట చీలికలుంటాయి, అద్దం ముక్క పెట్టి చూడండి. ఇంటర్‌కూలర్ లోపల ఆయిల్ పేరుకుంటే విప్పి, ముందు డీజిల్‌తో, తర్వాత సర్ఫు కలిపిన వేడి నీళ్ళతో కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టాకే బిగించాలి. లోపల డీజిల్ మిగిలితే ఇంజన్ దాన్ని పీల్చి తనంతట తానే రేజయిపోతుంది, తాళం తీసినా ఆగదు.

ఇక్కడే ఒక చిన్న గొట్టం ఉంది, దాన్ని వదిలేయకండి. బూస్టుకు తగ్గట్టు డీజిల్ పెంచే డయాఫ్రం డబ్బా పంపు మీద ఉంటే, మానిఫోల్డ్ నుంచి దానికి పెన్సిలు లావు పైపు వస్తుంది. ఆ పైపు ఎండి చిట్లినా, లోపలి డయాఫ్రం (పల్చటి పొర) చిరిగినా, టర్బో ఎంత ఊదినా పంపుకి కబురు అందదు. బండి మొద్దుగా ఉంటుంది, పొగ కూడా ఉండదు. అప్పుడు ఎవరో వచ్చి పంపు మీద డీజిల్ మోతాదు పెంచే ఫుల్‌లోడ్ స్క్రూ తిప్పేస్తారు. బూస్టు లేని కింది ఆర్‌పీఎంలో డీజిల్ ఎక్కువై నల్ల పొగ మొదలవుతుంది, పైన మాత్రం ఏమీ మారదు. మీరు చెప్పిన లక్షణాలు నాకు ఇలాంటి స్క్రూ కథలాగే ఉన్నాయి. పరీక్ష సులువు. పైపు ఊడదీసి డబ్బాకు గేజీ ఉన్న చేతిపంపుతో 0.5 బార్ గాలి ఇవ్వండి, 1 బార్ దాటొద్దు. ముల్లు ఒక నిమిషం నిలబడాలి. పడిపోతే డయాఫ్రం మార్చాలి.

ఈ విడతలోనే రెండు మీటర్లు కొనండి, బూస్టుదీ, పొగ గొట్టం వేడిదీ. అలంకారానికి కాదు, మూడో విడతలో ఇవే మీ కళ్ళు. వేడి మీటరు ప్రోబు టర్బో ముందు, పొగ వెళ్ళే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పెట్టిస్తే నిజం తెలుస్తుంది. కానీ మానిఫోల్డ్ విప్పకుండా డ్రిల్లు చేస్తే ఇనప రజను టర్బైన్లోకి పోతుంది, కాబట్టి విప్పించే చేయించండి. టర్బో తర్వాత పెడితే 100 నుంచి 150 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఆ తేడా గుర్తుంచుకోవాలి. టర్బో ముందు 700 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే కాలు తీయాల్సిందే. అల్యూమినియం 660 దగ్గర కరుగుతుంది, పిస్టన్ తట్టుకునేది కింద ఆయిలూ చుట్టూ నీళ్ళూ వేడిని లాగేస్తున్నందుకే. బూస్టు అంకె రిపేర్లయిన రోజే రాసి పెట్టుకోండి. అదే ఘాటీ, అదే లోడులో 0.2 బార్ తగ్గిన రోజు మళ్ళీ గొట్టాలు వెతకండి.

40లో సగం మూడో విడతకు అట్టేపెట్టండి. ఇంజెక్టర్లలో డీజిల్ చిమ్మే నాజిళ్ళూ, పంపూ ఇప్పుడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు (వాల్వుల సందు) మాన్యువల్ అంకెకు పెట్టించి, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూపించాకే ఈ పని. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువుంటే డబ్బు అక్కడికి పోవాలి, పంపుకి కాదు. ఇంజెక్టర్లు టెస్టు స్టాండు మీద పెట్టి కొట్టినప్పుడు పొగమంచులా విడిపోవాలి. సన్నటి ధారలా వచ్చినా, మూతి దగ్గర బొట్టు నిలిచినా ఆ నాజిల్ పోయింది. నాలుగూ ఒకే ఒత్తిడిలో తెరుచుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ప్రతి ఇంజెక్టర్ కింద పాత రాగి వాషర్ పూర్తిగా తీసేసి, సరైన మందం ఉన్న కొత్తది ఒక్కటే వేయాలి. పాతది అడుగున అతుక్కుని ఉండగా దాని మీద ఇంకోటి వేస్తే నాజిల్ మూతి పైకి జరుగుతుంది, డీజిల్ పిస్టన్ గిన్నెలో పడాల్సింది అంచు మీద పడుతుంది. కొత్త నాజిల్ వేసినా పొగ తగ్గలేదనే బళ్ళలో ముందు ఇదే చూడాలి.

పంపు బెంచి మీదే పెట్టించాలి, బండి మీద స్క్రూడ్రైవర్‌తో కాదు. పంపు కంపెనీ మైకో 2008లో బాష్ అయినా మన షెడ్లలో అది ఇప్పటికీ మైకో పంపే. దాని చార్టు ఉన్న కాలిబ్రేషన్ షాపు చూసుకోండి. నాలుగు లైన్లకూ సమానంగా డీజిల్ వచ్చేలా చార్టు ప్రకారం పెట్టించి, మొదటి నెల అలాగే నడపండి. సగం బళ్ళకు ఇంతకు మించి అక్కర్లేదు. ఇంకా కావాలంటే అప్పుడు ఫుల్‌లోడ్ డీజిల్ 5 శాతం పెంచండి, 10 దాటొద్దు. ఘాటీలో వేడి మీటరు 700 లోపుండాలి, గేరు మార్చినప్పుడు ఒక్క పఫ్ తప్ప పొగ కనబడకూడదు. టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) డిగ్రీ ముందుకు జరిపితే వేడి తగ్గి లాగుడు బాగున్నట్టే ఉంటుంది గానీ, లోపలి ఒత్తిడి పెరిగి టకటక మొదలవుతుంది, హెడ్ గ్యాస్కెట్‌కి అదే యముడు. మాన్యువల్ గుర్తు దగ్గరే ఉంచండి.

కాగితాల సంగతి. మీది బీఎస్-3 కాలుష్య ప్రమాణం బండి, పొగ పరీక్షలో పొగ చిక్కదనం అంకె 2.45 లోపు రావాలి (బీఎస్-4 బండికైతే 1.62). మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్‌లో మార్పుకు అనుమతి కావాలి, లేకుండా చేస్తే 182ఎ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, జైలూ పడొచ్చు. పైన చెప్పినవన్నీ కంపెనీ లెక్కకు తెచ్చే రిపేర్లే. పెద్ద టర్బో ఆ గీత దాటుతుంది. పైగా 3 లీటర్ల ఇంజన్‌కి పెద్ద టర్బో కింది ఆర్‌పీఎంలో ఊదదు, మలుపు తిరిగాక సెకండ్ గేరులో మీకు లాగుడు కావాల్సింది సరిగ్గా అక్కడే. కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడి డీజిల్‌ను ఒకే రైలు పైపు నుంచి ఇంజెక్టర్లకు పంచే) బండి ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఈ మూడో విడత మీకు వర్తించదు, రైలు పైపు లీకు మీద వేలు పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

తిరుగు లోడు అల్లంతో దిగేటప్పటి మాట ఒకటి మిగిలింది. లాగుడు పెరిగిన బండి దిగుడులోనూ స్పీడందుకుంటుంది, కాబట్టి బ్రేకు ఆయిల్ మొదటి విడతలోనే మార్చేయండి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తడి పీల్చాక 140కే మరిగే స్థితికొస్తుంది, అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపితే బ్రేకుకు బలమిచ్చే వ్యాక్యూమ్ పంపు ఆగిపోతుంది, రెండు మూడు తొక్కుళ్ళకి బ్రేకు బూస్టర్‌లో మిగిలింది అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది.