సగటు కంటే ముందు గ్రాఫు

ప్రశ్న: నేను వ్యవసాయ ఎమ్మెస్సీ విద్యార్థినిని. ప్రయోగపు మడుల్లో సేకరించిన వరి దిగుబడి వివరాలను ఇంతవరకు ఎక్సెల్‌లోనే లెక్కగట్టాను. ఇప్పుడు గణాంకాల కోసం వాడే 'ఆర్' (R) అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకోమని మా గైడు గారు అంటున్నారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), టీ-టెస్టు (రెండు గుంపుల సగటుల తేడా నిజమైనదేనా అని చూసే పరీక్ష) ముందు నేర్చుకుని, గ్రాఫుల సంగతి థీసిస్ రాసేటప్పుడు చూసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బాపట్ల

జవాబు: గ్రాఫులను చివరికి వాయిదా వేయకండి, అసలు వాటితోనే మొదలుపెట్టండి. ఆర్‌ను న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల తొలినాళ్లలో రూపొందించారు. అది ఉచితం. దానితోపాటు, ఆర్‌లో ఆదేశాలు రాసి ఫలితాలు చూసుకోవడానికి వీలుగా ఉండే ఆర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ కూడా పెట్టుకుంటే పని సులువవుతుంది. ప్రోగ్రామింగ్ రాదన్న బెంగ అక్కర్లేదు, ఎందుకంటే మొదటి నెలలో మీకు కావలసినవి నాలుగైదు ఆదేశాలు మాత్రమే.

సాధన కోసం డేటా వెతుక్కోనవసరం కూడా లేదు. ఆర్‌లో ముందే ఉన్న 'ఫెయిత్‌ఫుల్' (faithful) అనే పట్టికను తెరవండి. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఎంతసేపు ఎగజిమ్మింది, మళ్లీ ఎగజిమ్మడానికి ఎంతసేపు పట్టింది అనే వివరాలు అందులో 272 వరుసల్లో ఉంటాయి. నిరీక్షణ సమయానికి సగటును ఇచ్చే 'మీన్' (mean) ఆదేశం ఇస్తే దాదాపు 71 నిమిషాలని వస్తుంది. అదే నిలువు వరుసకు హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే గ్రాఫు) గీసే 'హిస్ట్' (hist) ఆదేశం ఇచ్చి చూడండి: 50–55 నిమిషాల దగ్గర ఒకటి, 80 నిమిషాల దగ్గర మరొకటి, రెండు గుట్టలు కనిపిస్తాయి, సగటు మాత్రం ఆ రెండింటి నడుమ ఉన్న పల్లం పక్కన పడుతుంది. 'ప్లాట్' (plot) ఆదేశంతో రెండు నిలువు వరుసలనూ కలిపి చుక్కల గ్రాఫు గీస్తే, కొద్దిసేపు ఎగజిమ్మిన తరువాత నిరీక్షణ తక్కువగానూ, ఎక్కువసేపు ఎగజిమ్మిన తరువాత ఎక్కువగానూ ఉన్నట్లు తెలుస్తుంది. మీ దిగుబడుల హిస్టోగ్రామ్‌లోనూ ఇలాంటి రెండు గుట్టలు వస్తే, రెండు రకాల వంగడాలో, రెండు రకాల నేలలో ఒకే నిలువు వరుసలో కలిసిపోయాయేమో చూసుకున్న తరువాతే టీ-టెస్టు జోలికి వెళ్లండి. థీసిసుల్లో అందరికీ ఇష్టమైన బాక్స్ ప్లాట్ (అంకెల మధ్య సగభాగాన్ని ఒక పెట్టెగా చూపే గ్రాఫు) ఈ రెండు గుట్టలను చూపించదని కూడా గుర్తుంచుకోండి.

లెక్కలు మాత్రమే చూస్తే అసలు సంగతి కనబడదన్న విషయాన్ని ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అనే సంఖ్యాశాస్త్రవేత్త 1973లోనే నాలుగు చిన్న పట్టికలతో నిరూపించారు. ఒక్కోదానిలో 11 జతల అంకెలు. నాలుగింటిలోనూ జతలోని మొదటి అంకెల సగటు 9, రెండో అంకెల సగటు 7.5; సహసంబంధ గుణకం (రెండూ ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే కొలత) సుమారు 0.82, గీసే సరళరేఖ కూడా ఒకటే. గ్రాఫు గీస్తే ఒకటి మామూలు సరళ సంబంధం, ఒకటి వంపు తిరిగిన గీత, మిగిలిన రెండింటిలో ఎక్కడో దూరంగా పడిన ఒక్క చుక్క ఫలితాన్ని తనవైపు లాగేస్తుంది. ఆ పట్టికలూ ఆర్‌లో 'ఆన్స్‌కోంబ్' (anscombe) పేరుతోనే ఉన్నాయి.

ఇక మీ ఎక్సెల్ ఫైలు. ఒక మడికి ఒక అడ్డు వరుస, ఒక అంశానికి ఒక నిలువు వరుస ఉండేలా సరిచేసి, సీఎస్‌వీగా (విలువలను కామాలతో వేరుచేసిన సాదా ఫైలుగా) భద్రపరచి, 'రీడ్ సీఎస్‌వీ' (read.csv) ఆదేశంతో తెరవండి. వంగడాలను రంగులతో గుర్తు పెట్టుకుని ఉంటే ఆ రంగులు సీఎస్‌వీలోకి రావు కనుక వంగడం పేరుకు వేరే నిలువు వరుస ఉండాలి. అంకె పక్కన 'కిలోలు' అని ఒక్క గడిలో రాసినా ఆర్ ఆ నిలువు వరుస మొత్తాన్నీ అక్షరాలుగా భావిస్తుంది. కొలత తీయని మడికి సున్నా వేయకండి, గడిని ఖాళీగా వదలండి. సున్నా అంటే పంట ఏమీ రాలేదని అర్థం.

ప్రశ్న: గ్రాఫులో నిలువు అక్షం తప్పనిసరిగా సున్నా నుంచే మొదలు కావాలా?
– మరొక పాఠకుడు

జవాబు: బార్ గ్రాఫులో కావాలి, ఎందుకంటే అక్కడ చదువరి పోల్చేది బార్ల పొడవులను. 48, 50 క్వింటాళ్ల దిగుబడులను 45 నుంచి మొదలైన అక్షంపై గీస్తే, నాలుగు శాతం తేడా కంటికి ఒకటిన్నర రెట్లకు పైగా కనిపిస్తుంది. చుక్కల గ్రాఫుకు, గీతల గ్రాఫుకు ఆ నియమం లేదు.