లాగ్‌లో ఏమీ లేకుండా సర్వర్ రీబూట్ అవుతుంటే ఎక్కడ వెతకాలి?

చెన్నై అంబత్తూరు ఆఫీసులో మీ లినక్స్ సర్వర్ మూడు నాలుగు రోజులకోసారి దానంతటదే రీబూట్ అవుతోంది, లాగ్‌లో ఎర్రర్ లేదు, ర్యామ్ మార్చినా తగ్గలేదు అన్నారు.

లాగ్‌లో ఏమీ లేకపోవడమే మీకు దొరికిన మొదటి ఆధారం. రాసుకునే వ్యవధి కూడా కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) దొరకలేదన్నమాట. ముందు అది నిజమో కాదో తేల్చుకోండి. 'లాస్ట్ మైనస్ ఎక్స్' కొట్టండి. రెండు రీబూట్ వరుసల మధ్య షట్‌డౌన్ వరుస ఉంటే ఎవరో, ఏ స్క్రిప్టో పద్ధతిగా ఆపినట్టు. లేకపోతే ఉన్నపళంగా పోయినట్టు. వార్ లాగ్ కింద జర్నల్ డైరెక్టరీ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే కొన్ని డిస్ట్రోల్లో జర్నల్ ర్యామ్‌లోనే ఉండి, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది.

తర్వాత 'సిస్‌సీటీఎల్ కెర్నల్ డాట్ పానిక్' విలువ చూడండి. సున్నా అయితే పానిక్ (కెర్నల్ కోలుకోలేని తప్పులో పడడం) వచ్చిన మెషీన్ స్క్రీన్ మీదే బిగుసుకుపోవాలి, రీబూట్ అవకూడదు. వాచ్‌డాగ్ (ఓఎస్ బిగుసుకుపోతే మెషీన్‌ని రీసెట్ చేసే టైమర్), కేడంప్ (పానిక్ వేళ మెమరీని ఫైల్‌లో దాచే ఏర్పాటు) రెండూ లేకుండా, విలువ సున్నా ఉండి కూడా తిరిగి లేస్తోందంటే నేను సాఫ్ట్‌వేర్ వైపు చూడను. వేడి ఎక్కువై ప్రాసెసర్ తనను తాను ఆపేసుకుంటే మామూలుగా ఆరిపోయే ఉంటుంది, వెంటనే లేవదు. కాబట్టి కత్తెర ఎండల్లో ఏసీ ఆగినా, రీబూట్‌కి వేడే కారణమని తొందరపడకండి.

ఇక బీఎంసీ, అంటే సర్వర్ బోర్డు మీద విడిగా ఉండి మెషీన్‌ని కనిపెట్టుకునే చిన్న చిప్. సర్వర్ చచ్చినా స్టాండ్‌బై కరెంటుతో మేలుకుని ఉండేది అదొక్కటే. 'ఐపీఎంఐటూల్ సెల్ ఈలిస్ట్' కొడితే దాని ఈవెంట్ లాగ్ వస్తుంది, ఆ అవుట్‌పుట్‌ని ముందు ఫైల్‌లో దాచుకోండి. చాలా మెషీన్లలో ఆ లాగ్ నిండిపోతే కొత్తవి ఎక్కవు. అందులో 'ఏసీ లాస్ట్' ఉంటే కరెంటు పోవడం, 'వాచ్‌డాగ్' ఉంటే ఓఎస్ బిగుసుకుపోవడం, 'అన్‌కరెక్టబుల్ ఈసీసీ' (సరిదిద్దలేని మెమరీ తప్పు) ఉంటే ఆ స్లాట్‌లోని డిమ్, అంటే ర్యామ్ కడ్డీ. బీఎంసీ గడియారం తరచూ యూటీసీలో ఉంటుంది, ఐదున్నర గంటలు కలిపి చూడండి. ఇది మరిచిపోయి సంబంధం లేని ఎంట్రీల వెంట పడేవాళ్లు ఎక్కువ.

ఆ సమయాలు పట్టుకుని బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్ల దగ్గరకెళ్లి జనరేటర్ రిజిస్టర్ అడగండి. జనరేటర్ మార్పు వేళలతో కలిస్తే దొంగ దొరికినట్టే. లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ బ్యాటరీకి మారడానికి సుమారు 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ (సర్వర్ లోపలి పవర్ సప్లై) ఫుల్ లోడ్ మీద 16, 17 మిల్లీసెకన్లు తట్టుకుంటుంది. కెపాసిటర్లు ఎండిన పాతది అంతసేపు ఆగలేదు. పక్కనున్న పీసీలు నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి కరెంటు కాదని మాత్రం అనుకోకండి. వాటి లోడ్ తక్కువ, అందుకే నిలబడతాయి. రెండు పవర్ సప్లైలున్న సర్వరైనా రెండు ప్లగ్గులూ ఒకే యూపీఎస్ బోర్డులో ఉంటే లాభం లేదు. ఒకటి వేరే యూపీఎస్‌కి మార్చండి. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, విడిభాగాల కోసం రిచీ స్ట్రీట్‌కి పరుగెత్తే ముందు ఇదే చేయండి.

బీఎంసీ లాగ్ కూడా ఖాళీగా ఉంటే కేడంప్ పెట్టి, నెట్‌కన్సోల్‌తో కెర్నల్ మెసేజ్‌లు పక్క మెషీన్‌కి పంపండి. చివరి వరుస కొన్నిసార్లు అక్కడే దొరుకుతుంది. హార్డ్‌వేర్ తప్పుల్ని నమోదు చేసే రాస్‌డీమన్ కూడా వేసి ఉంచండి, సరిదిద్దుకున్న మెమరీ తప్పులు అందులో డిమ్ వారీగా లెక్క తేలతాయి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు రోజులకోసారి పడే సర్వర్ వారం నిలబడిందని నమ్మకండి, కనీసం 12 రోజులు ఆగండి.