ముందు అడుగు, తర్వాత పరిగెత్తు

స్వాతీ,

ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో పూర్తి 42 కిలోమీటర్లు పరిగెత్తుతానని, ఆ పేరు మీద తలసీమియా పిల్లల కోసం మూడు లక్షలు పోగు చేస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నీతో చాలా మాట్లాడాలని ఉంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

బ్లడ్ బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ నేను ఆ పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు అది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. జీవితాంతం. బడికి కూడా వెళ్లని వయసు పిల్లలు తామే చెయ్యి చాచి, ఏ నరం బాగా దొరుకుతుందో నర్సుకి చూపిస్తారు. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో ఐరన్ పేరుకుపోయి గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. దాన్ని బయటికి పంపే మందులు రోజూ వేసుకోవాలి. రక్తం ఉచితంగా దొరికినా ఆ మందులు, పరీక్షలు, ఊరి నుంచి వచ్చిపోయే బస్సు చార్జీలు, ఆ రోజు తల్లి పోగొట్టుకునే కూలి మిగిలే ఉంటాయి. నువ్వు పోగు చేసే ప్రతి రూపాయీ వెళ్లేది ఇక్కడికే. ఎవరినైనా డబ్బు అడిగేటప్పుడు ముందు ఈ మాటే చెప్పు. మారథాన్ సంగతి తర్వాత.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. డబ్బు పని వేరు, పరుగు పని వేరు. రెండూ ఒకే నెలలో మీద వేసుకోకు. జూన్ నెలాఖరుకి నీ మూడు లక్షలూ ఆ పిల్లలకి సాయం చేసే సంస్థ ఖాతాకి చేరిపోవాలి. జులైలో నీ ఆదివారం పరుగులు 28, 30, 32 కిలోమీటర్లకి వెళ్తాయి. అలా పరిగెత్తి వచ్చిన రోజు తిని పడుకోవడం తప్ప ఇంకేమీ చేయబుద్ధి కాదు. ఆ ఒంటితో ఆఫీసు పని చేసుకుంటూ, సాయంత్రం పదిమందికి ఫోన్లు చేసి డబ్బు అడగాలంటే రెండూ పాడవుతాయి. చాలామంది చివరి రెండు వారాల్లో కంగారుగా అడగడం మొదలుపెడతారు, నిద్ర చాలక నీరసంగా పరుగుకి వెళ్తారు. నువ్వు అలా చేయొద్దు.

ఇంకో కారణం కూడా ఉంది, అది దీనికన్నా ముఖ్యం. ‘పూర్తి చేస్తే ఇస్తాను’, ‘కిలోమీటరుకి ఇంత’ అనే పందేలు ఎవరితోనూ ఒప్పుకోకు. సరదాగానే ఉంటాయి, కాదనను. కానీ పిల్లల మందుల డబ్బు నీ మోకాలి మీద ఆధారపడకూడదు. అలా మాట ఇచ్చిన ఒక అబ్బాయి నాకు తెలుసు. పిక్క ముందు ఎముకలో చిన్న చీలిక ఉందని డాక్టరు చెప్పినా దాతలకి ఏం చెప్పాలన్న టెన్షన్‌తో పరిగెత్తాడు. నెలల తరబడి కర్ర పట్టుకుని నడిచాడు. డబ్బు ముందే చేరిపోయి ఉంటే, నొప్పి వచ్చిన రోజు ఆగిపోయే స్వేచ్ఛ నీకు ఉంటుంది.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు ఉండేవాడు. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడి కాలు తీసేశారు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగు మొదలుపెట్టాడు. రోజుకి దాదాపు ఒక మారథాన్ దూరం. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాక క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకి ఆగిపోయాడు, మరుసటి ఏడాదే చనిపోయాడు. అతను అనుకున్న చోటికి చేరలేదు. కానీ దేశంలో ఉన్న ఒక్కొక్కరి నుంచి ఒక్క డాలర్ చాలని అడిగాడు, అతను బతికి ఉండగానే అంత డబ్బూ క్యాన్సర్ పరిశోధనకి చేరింది. అతని పరుగులాంటిది మనవల్ల కాదులే, కానీ అడిగిన తీరు మాత్రం మనం నేర్చుకోవచ్చు. అందరినీ అడిగాడు, కొద్దిగా అడిగాడు.

నీ మూడు లక్షలంటే 2,000 చొప్పున 150 మంది. కాగితం తీసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టు. చదువుకున్న స్నేహితులు, ఆఫీసువాళ్లు, అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, మీ నాన్న వైపు, మా వైపు. మొదటి పేరు నీది ఉండాలి, నీ వంతు డబ్బు ముందు నువ్వే పంపు. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ పడేసి ఊరుకుంటే చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, డబ్బు రాదు. గ్రూపులో ఉన్నప్పుడు ఇంకెవరో ఇస్తారులే అని ప్రతివాళ్లూ అనుకుంటారు. ఒక్కొక్కరికీ పేరు పెట్టి, వాళ్లకే రాసినట్టు రాయి. నెల మొదటి వారంలో, జీతాలు పడ్డాక పంపు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తు చెయ్యి, ఆ తర్వాత వదిలెయ్యి. పెద్దవాళ్లకి మాత్రం మెసేజ్ వద్దు, ఫోన్ చెయ్యి. వీలైతే ఇంటికెళ్లు. అడగడానికి మొహమాటపడకు తల్లీ, నీకోసం అడగడం లేదుగా.

మే 8 ప్రపంచ తలసీమియా దినం. నీ మొదటి విడత మెసేజ్‌లు ఆ వారంలో వెళ్తే, ఎందుకు ఇప్పుడు అడుగుతున్నావో విడిగా చెప్పక్కర్లేదు.

డబ్బు ఇవ్వలేనివాళ్లని రక్తం అడుగు. ఇది మాత్రం నా మాటగా తప్పకుండా పెట్టుకో. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకి సెలవులు, క్యాంపులు తగ్గిపోతాయి, బ్లడ్ బ్యాంకులు ఖాళీ అవుతాయి. ఆ పిల్లల వంతు మాత్రం వేసవి అని ఆగదు. నిల్వ చేసిన రక్తం నెల, నెలన్నర కంటే ఉండదు, కాబట్టి శీతాకాలంలో ఇచ్చింది ఇప్పుడు పనికిరాదు. ‘డబ్బు కుదరకపోతే మే నెలలో ఒక్క యూనిట్ ఇవ్వండి’ అని రాస్తే, కాదనే వాళ్లు కూడా ఆలోచిస్తారు. నువ్వు మాత్రం ఇప్పుడు ఇవ్వకు. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది కానీ ఎర్రకణాలు మళ్లీ నిండటానికి వారాలు పడుతుంది, ఆ లోపు ప్రతి పరుగూ బరువుగా ఉంటుంది. మారథాన్ అయ్యి నెల దాటాక, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే అప్పుడు ఇద్దువుగాని. నేను తోడు వస్తాను.

లెక్కల దగ్గర గట్టిగా ఉండు. ఒక్క రూపాయి కూడా నీ ఫోన్‌పేకి, నీ ఖాతాకి రానివ్వకు. సంస్థ ఖాతాకే నేరుగా పంపమను, రసీదు వాళ్లే ఇస్తారు. నీ రిజిస్ట్రేషన్ ఫీజు, బూట్లు, పరుగులో శక్తి కోసం తినే జెల్స్ అన్నీ నీ జేబులోంచే. ఎవరూ అడగకపోయినా ఈ సంగతి మెసేజ్‌లో ఒక వాక్యంగా రాసెయ్యి. పన్ను మినహాయింపు గురించి మీ బాబాయి చెప్పమన్నవి: 80జి అని పిలిచే విరాళాల మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, కొత్త విధానంలో ఉన్నవాళ్లకి రాదు. నగదుగా 2,000 దాటి ఇస్తే దానికి మినహాయింపు లేదు. పాన్ లాంటి గుర్తింపు నంబర్ ఇస్తేనే సంస్థ సర్టిఫికెట్ పంపగలదు. అడిగేటప్పుడే ఇవి తెలిసి ఉంటే తర్వాత ఎవరితోనూ మాట పడక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మన వాళ్ల దగ్గర కొంచెం జాగ్రత్త. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. సంస్థకి విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉంటేనే, దాని కోసం విడిగా ఉన్న ఖాతాలోనే ఆ డబ్బు తీసుకోవాలి. పెద్దక్క కొడుకు ప్రేమతో మామూలు ఖాతాకి పంపేస్తే సంస్థకి చిక్కు వస్తుంది. వాళ్లని ముందే కనుక్కో. మీ ఆఫీసులో ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కూడా కలిపే పద్ధతి ఉందేమో హెచ్‌ఆర్‌ని అడుగు, చాలామంది అడగరు.

ఇక పరుగు. నువ్వు ఇప్పటికే పదేసి కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తుతున్నావు కాబట్టి ఏప్రిల్‌లో మొదలుపెడితే సమయం చాలు. వారానికి నాలుగు రోజులు పరుగు, ఒక రోజు కాళ్లకీ నడుముకీ బలం వచ్చే వ్యాయామం. ఆదివారం దూరం వారానికి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పెంచుకుంటూ పో, ప్రతి నాలుగో వారం తగ్గించు. తగ్గించే వారాన్ని ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఎగ్గొట్టకు. ఎముకలు, కండరాలు గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే. ఎక్కువ పరుగులు నెమ్మదిగానే ఉండాలి, పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే.

మనకి కష్టమైంది ఎండ. మేలో ఏడు దాటితే రోడ్డు మీద ఉండకు. నాలుగున్నరకి బయల్దేరాలంటే రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోవాలి, అసలు శిక్షణ అదే. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో గడియారం చూసుకుని నిరాశపడకు. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్లు చల్లగా జివ్వుమన్నా వెంటనే ఆగి నీడలో కూర్చో. ఒట్టి నీళ్లు అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో దాహం మేరకు తాగు. చీకట్లో ఒంటరిగా గండిపేట వైపు వెళ్లొద్దు. నెక్లెస్ రోడ్డు మీదో, గచ్చిబౌలిలోనో పొద్దున్నే పరిగెత్తే గుంపులు ఉంటాయి, వాళ్లతో కలువు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడువు.

హైదరాబాద్ దారి చదునుగా ఉండదు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. అందుకని వారంలో ఒక పరుగు ఏదైనా ఫ్లైఓవర్ మీదే పెట్టుకో. ఎక్కడం కంటే దిగేటప్పుడు మోకాళ్లు ఎక్కువ దెబ్బతింటాయి, చిన్న అడుగులు వెయ్యి.

తిండి మనదే చాలు. పరుగుకి ముందు అరటిపండు, తర్వాత గుడ్లో, పెసరట్టో. గంట దాటిన పరుగుల్లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి, ఒక మామూలు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. 30 కిలోమీటర్ల తర్వాత చాలామంది ఒక్కసారిగా కుప్పకూలేది ఒంట్లో దాచుకున్న శక్తి అయిపోయి. జెల్ అయినా ఖర్జూరమైనా జులైలో ఆదివారాలు తిని చూసి, కడుపు ఒప్పుకున్నదే ఆ రోజు తీసుకెళ్లు. ముందు రోజు బిర్యానీ వద్దు, పెరుగన్నం తిను.

ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్. మన ఆడపిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం మామూలే, నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకి మరీను. ఎంత శిక్షణ చేసినా ఆయాసం తగ్గకపోతే కారణం అదే కావచ్చు. అదే రక్తంతో హెచ్‌బీఏ2 పరీక్ష కూడా చేయించు. నువ్వు తలసీమియా క్యారియర్‌వో కాదో, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం నీలో ఉందో లేదో తెలుస్తుంది. ఉన్నా నీకేమీ కాదు, కానీ భార్యాభర్తలిద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లి మాటలు రాకముందే తెలిసి ఉంటే మంచిది. ‘నేను చేయించుకున్నాను, మీరూ చేయించుకోండి’ అని నీ మెసేజ్‌లో రాస్తే ఆ ఒక్క వాక్యం వల్ల కలిగే మేలు లక్షల్లో చెప్పలేం. మీ నాన్నకి బీపీ ఉంది కదా, డాక్టరు దగ్గర ఈసీజీ కూడా చూపించుకో.

నొప్పుల్లో రెండు రకాలు. కండరం అంతటా పట్టేసినట్టుండి రెండు రోజుల్లో పోయేది మామూలే. ఎముక మీద వేలు పెట్టి ‘ఇదిగో ఇక్కడే’ అని చూపించగలిగే నొప్పి, పొద్దున్న మంచం దిగగానే మడమలో పొడిచే నొప్పి, నడక మార్చే నొప్పి, ఇవి వస్తే పరుగు ఆపి చూపించుకో. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని మాత్రం పరిగెత్తకు. చెమటకి నీరు పోయిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి.

చివరి మూడు వారాలు దూరం తగ్గించేస్తావు. అప్పుడు చేతిలో సమయం మిగులుతుంది. ఆ సాయంత్రాలు దాతలకి ఉత్తరాలు రాయడానికి ఉంచుకో. ఎంత పోగైందో, సంస్థ దాన్ని దేనికి ఖర్చు చేస్తోందో, ఒక్కొక్కరికీ. పిల్లల ఫొటోలు మాత్రం పెట్టకు, వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే. రేపు పెద్దయ్యాక ఆ ఫొటో వాళ్ల వెంటపడుతుంది.

నీ మొదటి మెసేజ్ రాసి ఈ ఆదివారం లోపు నాకు పంపు. నేను చూసి ఇస్తాను. నీ జాబితాలో మన వైపు పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నాయి, అవి కూడా రాసి ఉంచాను.

ప్రేమతో,
పిన్ని